గద్దర్‌ను ఎట్ల యాది చేసుకుందాం?

తమ్ముడు: అక్కా, సూటిగ అడుగుత. 2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూసినప్పటి నుంచి మా కరీంనగర్ దిక్కు పిలగాండ్లు ఆయన పాటను కొత్తగ ఎత్తుకున్నరు. గొంగడి భుజాన వేస్తున్నరు, కాళ్లకు గజ్జెలు కడుతున్నరు, ఆయన పాటలకు బీట్ కలిపి ర్యాప్ చేస్తున్నరు. వీళ్లల్ల చాలామంది ఆయనను కండ్లార చూసినోళ్లు కూడ కాదు. అయినా సొంత మనిషి పోయినట్టు ఏడ్చిన్రు, ఏడ్చుకుంటనే ఎగిరిన్రు. నువ్వేమో ఇట్ల పండుగ చేసుకునుడు నీకు ఒప్పదంటున్నవు. పాటగాడు పోతే పాటతోని సాగనంపుడు మన పద్ధతే గదా. అండ్ల నీకు కనబడ్డ తప్పేంది?

అక్క: పాడుడు తప్పని నేననలే తమ్మీ. ఆ పాటలు వినుకుంటనే నేనూ పెరిగిన. అయితే మన రెండు జిల్లాలకు ఆ పాటతోని ఉన్న సంబంధం వేరు. హైదరాబాదుల వినేటోళ్లకు గద్దర్ ఒక గొప్ప గొంతు. జగిత్యాలకు, సిరిసిల్లకు, పెద్దపల్లికి, మంథనికి, మా ఆదిలాబాద్ అడవి ఊర్లకు అది ఇంటి చరిత్ర. ఆ పాట విని ఇల్లు విడిచిన పిలగాండ్లు ఇక్కడున్నరు. వాళ్లల్ల ఎంతోమంది శవాలై వచ్చిన్రు, కొందరు శవాలై కూడ రాలే. ఆ పాట పాడే నక్సలైటు దళాలే ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి చంపిన మనుషులూ ఈ ఊర్లోళ్లే. మీ పండుగల ఈ రెండు తీర్ల పేర్లూ వినబడుతలెవ్వు. ఇంటి చరిత్రల ఇష్టమైన సగాన్ని పట్టుకొని, కష్టమైన సగాన్ని విడిచిపెడితే దాన్ని యాది అని నేననలేను.

తమ్ముడు: చరిత్ర అంటున్నవు గనుక మొదటి నుంచి చెప్పుకుందాం. పాట వచ్చి పచ్చగున్న ఊర్లను చెడగొట్టిందన్నట్టు మాట్లాడితే లెక్క తప్పుతది. వెట్టి ముందున్నది. గడీ ముందున్నది. దొర వాకిలి ముందట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన తాతలు ముందున్నరు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల రైతుకూలీలు వేలకు వేలుగ కదిలిన్రు. ఆ జైత్రయాత్ర అయినంక అక్టోబర్లనే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. వాళ్లు అడిగిందేంది? కూలి రేటు, బంజరు భూమి, వెట్టి లేని బతుకు. కోపం ఊర్లది. గద్దర్ ఆ కోపానికి మాటనిచ్చిండు. జవాబు అడగాలెనంటే ముందు దొరను అడగాలె, పోలీసు క్యాంపు పెట్టిన సర్కారును అడగాలె. పాటగాని వంతు ఎక్కడనో చివరికి వస్తది.

అక్క: అంతవరకు నీ మాట కాదనను. మా దిక్కు ఇంద్రవెల్లి ఉన్నది. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్కల చనిపోయినోళ్లు 13 మంది, ఊర్ల లెక్క అంతకు ఎన్నో రెట్లు. వాళ్ల యాదికి కట్టిన స్తూపాన్ని కూడ 1986లో పేల్చేసిన్రు. చచ్చిపోయినోళ్లకు ఒక రాయిని సుత ఉండనియ్యని ఆ రోజుల్ల, ఆ చావులను మరువనియ్యకుంట కాపాడింది పాటలే. ఆ రుణం నాకు తెలుసు. కాని కోపానికి మాటనిచ్చుడు ఒకటి, కోపానికి దారి చూపుడు ఇంకొకటి. గద్దర్ రెండూ చేసిండు. ఆయన పాడిన జన నాట్య మండలి ఒక పార్టీ వెంట నడిచిన సంస్థ, ఆ పార్టీ దారి తుపాకి దారి. పద్దెనిమిదేండ్ల పిలగానికి అన్యాయాన్ని చూపించి, చావును అందంగ చూపించి, కదిలి రమ్మని పిలిచిన పాటకు ఆ పిలగాని బతుకు మీద ఎంతో కొంత బాధ్యత ఉంటది.

తమ్ముడు: ఆ పిలగాండ్లను నువ్వు తక్కువ చేస్తున్నవు అక్కా. పాట వినంగనే మంత్రం వేసినట్టు లేచిపోయిన్రనుకుంటే వాళ్లకు బుర్ర లేదన్నట్టయితది. 1990 ఫిబ్రవరి 20న, దాదాపు ఐదేండ్ల అజ్ఞాతం తర్వాత గద్దర్ నిజాం కాలేజీ మైదానంల నిలబడితే జనం లక్షల్ల వచ్చిన్రు. ఆ లక్షల మంది అడవికి పోలేదు. వాళ్లల్ల ఎక్కువమంది ఇంటికి తిరిగొచ్చి కూలి పెంచుమని అడిగిన్రు, బిడ్డను బడికి పంపిన్రు, పటేలు ముందట కుర్చీల కూసున్నరు. టీచర్లయిన్రు, వకీళ్లయిన్రు, కథలు రాసిన్రు. పోయినోళ్లు కొందరు. వాళ్లు చూసి, ఆలోచించి, తెగించి పోయిన్రు. ఆ తెగింపును తీసుకపోయి పాటగాని ఖాతాల వేస్తే, చచ్చిపోయినోళ్ల దగ్గర మిగిలిన ఒక్క ఆస్తిని కూడ గుంజుకున్నట్టే.

అక్క: నువ్వన్న మాటల్ల ఇది గట్టిది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాళ్ల నిర్ణయం వాళ్లదే, దాన్ని నేనెవరికీ రాసియ్యను. అయితే నువ్వు ఇంకో సంగతి చూడాలె. పాట వేరు, పోరు వేరు అని గద్దర్ ఎన్నడూ చెప్పుకోలే. తన పాట పోరుల భాగమనే చెప్పిండు. కొడుకు పోయిన తల్లి గొంతుతోని ఆయన కట్టిన పాటలు చూడు. ఆ పిలగాండ్ల చావుతోని తన పాటకున్న పేగుబంధాన్ని ఆయనే ఒప్పుకున్నడు. ఇయ్యాల అభిమానులు మాత్రం ఆ బంధాన్ని కోసేసి, గొంతును, లయను మాత్రం తీసుకుంటున్నరు. ఆయన తన గురించి తాను చెప్పుకోని మినహాయింపును మీరు ఆయన కోసం ఎందుకు అడుగుతున్నరు?

తమ్ముడు: ఎందుకంటే పాటకు పిలుపు ఒక్కటే ముఖం కాదు. అండ్ల కళ ఉన్నది. దాని గురించి మాట్లాడకుంట గద్దర్ గురించి మాట్లాడితే సగం మనిషినే చూసినట్టు. ఒగ్గు కథల కథకుడు పాట నడుమ ఆగి మాట్లాడుతడు, ఎనుకున్నోడు తాళం వేసుకుంట ప్రశ్న అడుగుతడు, మాట మల్ల పాటైతది. మా కరీంనగర్ ఒగ్గు కథకుడు మిద్దె రాములు ఆట చూసినోళ్లకు ఆ వేగం తెలుసు. గద్దర్ ఆ ఒడుపును పట్టుకున్నడు. ఒగ్గు కథ నుంచి, బుర్రకథ నుంచి, వీధి భాగోతం నుంచి తీసుకున్నడు. పాట మధ్యల మాట, మాట మధ్యల ఊపిరి, ఊపిరి మీద గజ్జె. జన నాట్య మండలి 1972లో పుట్టింది. అమెరికాల న్యూయార్క్ నగరం బ్రాంక్స్ వాడల నల్ల పిలగాండ్లు హిప్‌హాప్ మొదలుపెట్టింది 1973లో. ఒకరి సంగతి ఒకరికి తెల్వకుంటనే, మైకు అందని మనుషులు రెండు దిక్కుల ఒకే పని చేసిన్రు. లయ మీద మాటను నిలబెట్టి తమ వాడ కథను తామే చెప్పుకున్నరు. ఇయ్యాల మా పిలగాండ్లు గద్దర్ పాటను ర్యాప్ చేస్తే అది అరువు తెచ్చుకున్న పోకడ అని నేననుకోను. ఇంటి దారినే ఇంకో గుమ్మం నుంచి లోపలికొస్తున్నరు.

అక్క: కళ సంగతి నాకు సంపూర్ణంగ ఒప్పుదల. కాని ర్యాప్ అన్నవు గనుక ఆ లోకంల కూడ నా ప్రశ్ననే నడుస్తున్నది. టుపాక్ షకూర్‌ను 1996లో కాల్చి చంపిన్రు. ఇరవై ఐదేండ్ల మనిషి, బ్లాక్ పాంథర్ ఉద్యమంల పనిచేసిన తల్లి బిడ్డ. పంజాబ్‌ల సిద్ధూ మూసేవాలాను 2022 మే 29న మాన్సా జిల్లాల కాల్చిన్రు. తుపాకి సంస్కృతిని పెంచుతున్నడని అంతకు రెండేండ్ల ముందు పోలీసులు ఆయన మీద కేసు పెట్టిన్రు. ఇద్దరి అభిమానులకూ అదే కష్టం. ఆ పాటల్ల ఉన్న తుపాకినీ, ఆ పాటగాన్ని చంపిన తుపాకినీ ఒక్క నోటితోని ఎట్ల చెప్పాలె? మంచి అభిమానులు ఆ ప్రశ్న నుంచి తప్పించుకోరు. పాటను ప్రేమించుకుంటనే దాంతోని తగువు పడుతరు. నేనడిగేది ఆ తగువే.

తమ్ముడు: తుపాకి ఆయనను కూడ విడిచిపెట్టలే గదా. వెనుకనుండి పిలగాండ్లను పంపి, తను నీడపట్టున కూసున్నోడైతే నీ పక్కన నేనే నిలబడుదు. కెనరా బ్యాంకు నౌకరి విడిచిపెట్టిండు. ఏండ్ల తరబడి ఇంటికి దూరమైండు. ఎన్‌కౌంటర్ల పోయిన పిలగాండ్ల శవాలను తల్లిదండ్రులకు అప్పజెప్పాలెనని ఊరూరా తిరిగి అడిగిండు. కడుపుకోతకు తోడు శవాన్ని కూడ చూడనియ్యని కాలంల ఆ తల్లుల పక్కన నిలబడుడు చిన్న పని కాదు. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటికే వచ్చి కాల్చిన్రు. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లనే ఉన్నది. 1999లో భువనగిరిల పాట పాడే బెల్లి లలితను చంపి ముక్కలు చేసిన్రు. పాటకు కట్టిన ధర గురించి అడిగితే, పాటగాళ్లు తమ వంతు కట్టిన్రనే చెప్త.

అక్క: కట్టిన్రు. బెల్లి లలిత పేరు తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటది. శవాల కోసం ఆయన చేసిన పోరాటం ఆయన బతుకుల అన్నిటికన్న గొప్ప పని అని నేననుకుంట. ఎందుకంటే అది చావును పొగిడిన పని కాదు, చావు ముందట మనిషి మర్యాదను నిలబెట్టిన పని. కాని అదే 1999ని మంథని నుంచి చూడు. ఏప్రిల్ 13న దుద్దిళ్ల శ్రీపాదరావును నక్సలైట్లు చంపిన్రు. ఆయన శాసనసభకు స్పీకరుగ పనిచేసిన మనిషి. ఆయన పేరు పెద్దది గనుక అందరికీ యాదికున్నది. ఏ పేరూ లేని సర్పంచులు, మాస్టర్లు, చిన్న రైతులు, అనుమానం మీద చచ్చిపోయినోళ్లు మన జిల్లాల ఎంతమంది? వాళ్ల భార్యలు, బిడ్డలు ఇంకా మన నడుమనే ఉన్నరు. ఒక దిక్కు చావులకు గజ్జె కట్టి ఆడే పాటలున్నయి. ఇంకో దిక్కు చావులకు ఒక్క పాట లేదు. ఏడ్చే హక్కు ఒకరికి మైకుల, ఇంకొకరికి ఇంటి లోపల దొరికింది. ఈ తేడా నీకు న్యాయం అనిపిస్తున్నదా?

తమ్ముడు: లేదు. ఆ చావులకు పాట లేదన్న మాట నన్ను తాకింది. అయినా ఒక గీత గీయాలె. ఆ హత్యలు గద్దర్ చేసినయి కావు, చేయించినయీ కావు. 2004లో సర్కారుతోని శాంతి చర్చలప్పుడు నక్సలైట్ల దిక్కు నుంచి దూతగ వచ్చినోళ్లల్ల ఆయన ఒకడు. తుపాకులు మాట్లాడే చోట మాటకు చోటియ్యాలెనని తిరిగినోడు. ఒక ఉద్యమంల జరిగిన ప్రతి నేరాన్ని దాని పాటగాని మెడకు కడితే, ఇంక ఏ ఉద్యమంల ఎవడన్న పాడుతడా? అట్లయితే స్వాతంత్ర్యం కోసం పాడినోళ్లను, రజాకార్ల మీద పాడినోళ్లను కూడ నిలబెట్టి అడగాల్సి వస్తది. పాటగాని మీద అంత బరువు పెట్టకు.

అక్క: మెడకు కట్టుమంటలేను తమ్మీ. పక్కన పెట్టి చూడుమంటున్న. శ్రీపాదరావు కొడుకు శ్రీధర్ బాబు మంత్రిగ ఉన్న సర్కారే గద్దర్ పేరు మీద పురస్కారాలు పెట్టింది. ఆ ఇంటి మనుషుల తరఫున మనం మాట్లాడొద్దు, అది వాళ్ల మర్యాద. కాని బయటి నుంచి చూసే మనకు ఒక ప్రశ్న మిగులుతది. మన సమాజం ఆ గాయం గురించి మాట్లాడి, ఏడ్చి, మాన్పుకొని ఇక్కడికి వచ్చిందా? లేకపోతే దాని గురించి ఎవరూ నోరెత్తొద్దని లోలోపల ఒప్పందం చేసుకొని వచ్చిందా? మొదటిదైతే నాకంటే సంతోషించేటోళ్లు ఉండరు. నాకు మాత్రం రెండోదే కనబడుతున్నది.

తమ్ముడు: నాకు ఆ పురస్కారాల్ల ఇంకోటి కనబడుతున్నది. తూప్రాన్ల దళితవాడల పుట్టిన గుమ్మడి విఠల్ రావు శవాన్ని ఎల్బీ స్టేడియంల పెట్టిన్రు. తెల్లారి అల్వాల్‌ల ఆయన పెట్టిన మహాబోధి బడి ఆవరణల మట్టి చేసేదాకా జనం వెంట నడిచిన్రు. ఏ పోలీసులు ఆయన కోసం ఏండ్లకేండ్లు వెతికిన్రో ఆ పోలీసులే తుపాకులు గాలిల పేల్చి వందనం చేసిన్రు. ఇది పోలీసు అమరులకు అవమానమని అభ్యంతరం చెప్పినోళ్లూ ఉన్నరు, వాళ్ల బాధను నేను కొట్టిపారెయ్య. కాని ఆ రోజు వాడల్ల నుంచి వచ్చిన పిలగాండ్లు తలెత్తి చూసిన్రు. మనసొంటోని కోసం రాజ్యం తల వంచిందని చూసిన్రు. 2024 జనవరి 31న, ఆయన జయంతి నాడు, నంది అవార్డుల జాగల గద్దర్ అవార్డులిస్తమని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించిండు. 2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌ల మొదటిసారి ఇచ్చిన్రు. సినిమావాళ్లు చేతులు చాపి ఒక వాడ మనిషి పేరున్న పురస్కారం తీసుకున్నరు. ఇది గెలుపు కాదా?

అక్క: గెలుపులెక్క కనబడే ఓటమి అయ్యుండొచ్చని నా భయం. 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు నంది అవార్డు వస్తే గద్దర్ తీసుకోనన్నడు. ఆ కాదనుడు కూడ ఆయన పాటంత విలువైన వారసత్వం. రాజ్యం చేతి నుంచి తీసుకోనన్న మనిషి పేరునే రాజ్యమిచ్చే పురస్కారానికి పెడితే, ఆ కాదనుడు ఎక్కడ మిగిలింది? తెలంగాణ వచ్చినంక సాంస్కృతిక సారథి అని పెట్టి 550 మంది కళాకారులకు నౌకర్లిచ్చిన్రు. నిన్నటిదాకా సర్కారును నిలదీసిన గొంతులు సర్కారు పథకాల మీద పాటలు కట్టినయి. పాటను చంపాలెనంటే తూటానే అక్కర్లేదు తమ్మీ, జీతం కూడ సరిపోతది.

తమ్ముడు: ఆ మాట కటువుగ ఉన్నది అక్కా. ఆ 550 మందిల ఉద్యమంల గొంతు పోంగ పాడి, ఇంట్ల పొయ్యి వెలుగక బతికినోళ్లే ఎక్కువ. పాటగాడు ఎప్పటికీ ఆకలితోని ఉంటేనే పాట నిజమైతదా? చనిపోయినంక గొప్పగ పొగుడుడు కన్న బతికున్న కళాకారునికి నెల జీతమిచ్చుడు మేలు. ఇంక గద్దర్ ఒకప్పుడు కాదన్నడన్నవు. ఆ గద్దరే 2018లో మొదటిసారి ఓటేసిండు. గుళ్లకు పోయిండు. రాజ్యాంగాన్ని చేతుల పట్టుకున్నడు. పోయే ఏడు గద్దర్ ప్రజా పార్టీ అని పెట్టిండు. ఆయన మారిండు. మారిన మనిషిని ఆయన పాత మాటతోని కట్టేసి, రాజ్యం ఇచ్చే గౌరవం ఆయనకు చెల్లదనుడు న్యాయమేనా? ఇంకో సంగతి. 2025 జనవరిల పద్మ పురస్కారాల గొడవ వచ్చినప్పుడు మా కరీంనగర్ ఎంపీ, కేంద్ర మంత్రి బండి సంజయ్ ఏమన్నడు? నక్సల్ భావజాలమున్న గద్దర్‌కు పద్మ ఎట్ల ఇస్తరని, తమ కార్యకర్తలు ఎంతోమంది నక్సలైట్ల చేతుల పోయిన్రని అన్నడు. నువ్వడిగే ఈ చావుల లెక్కల పుస్తకం తెరిస్తే ఆ మాటకు బలమిచ్చినట్టు కాదా?

అక్క: కాదు. ఆయన తన పార్టీ చావులను లెక్కపెట్టిండు. నేను అన్ని చావులను లెక్కపెట్టుమంటున్న. ఆయన కార్యకర్తల చావు కూడ చావే, వాళ్ల తల్లుల ఏడుపు కూడ నా పుస్తకంల ఉంటది. అదే పుస్తకంల ఇంద్రవెల్లి ఉంటది, చెట్టుకు కట్టేసి కాల్చి ఎన్‌కౌంటర్ అని రాసిన చావులూ ఉంటయి. ఒక పద్మ ఇయ్యాల్నా వద్దా అన్నది ఢిల్లీ లెక్క, దానితోని నాకు పని లేదు. ఇంక ఆయన మారిండన్నవు. అవును, మారిండు. నాకు ఆయన మీద గౌరవం తగ్గనిది కూడ అందుకే. పాత దారిల తప్పుందని అనిపించినప్పుడు వయసు మీదపడ్డ మనిషి కొత్త దారి వెతికిండు. మీ పండుగల ఆ తండ్లాట ఎక్కడున్నది? మీరు 1990 నాటి గద్దర్ బొమ్మను టీషర్టు మీద వేసుకుంటున్నరు. సందేహంల పడ్డ గద్దర్ పటం ఎవరి దగ్గరా లేదు.

తమ్ముడు: ఆ లోటు ఉన్నది, ఒప్పుకుంట. అభిమానులకు గట్టిగ నిలబడ్డ బొమ్మ కావాలె, తండ్లాడే మనిషి అక్కరకు రాడు. ఇది మా తప్పే.

అక్క: ఇంకో లోటు కూడ చెప్పనీ. ఒక్క మనిషి పేరు మీద అంత పండుగ చేస్తే మిగిలినోళ్లు మరుగున పడుతరు. దండేపల్లి మండలం లింగాపూర్ల పుట్టిన గూడ అంజయ్య 'ఊరు మనదిరా' రాసిండు. ఆ పాట తెల్వని ఊరు తెలంగాణల లేదు. రాసినాయన పేరు అడిగితే సగం మంది గద్దర్ అంటరు. అంజయ్య 2016 జూన్ 21న పోయిండు. మా జిల్లా బిడ్డ, కాని మా జిల్లా పిలగాండ్లకే ఆయన ముఖం గుర్తు లేదు. ఎగిరి ఆడే గొంతు ముందట కూసోని రాసే చెయ్యి ఓడిపోతది.

తమ్ముడు: ఓడిపోయిందని ఎందుకంటవు? పాట గెలిచింది గదా. 'మా భూమి' సినిమాల గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' కూడ ఆయన రాసింది కాదు, సాయుధ పోరాట కాలంల యాదగిరి కట్టింది. గద్దర్ గొంతుల పడకపోతే 1979 తర్వాత పుట్టినోళ్లకు ఆ పాట చేరేదా? పెద్ద గొంతు చిన్న గొంతులను మింగుతదని నువ్వంటున్నవు. పెద్ద గొంతు వాటిని మోసుకొస్తదని నేనంటున్న. అంజయ్య పేరు చెప్పకపోవుడు తప్పు, దాన్ని రేపే దిద్దుకోవచ్చు. పాటను పాడకపోవుడు మాత్రం దిద్దుకోలేని తప్పు.

అక్క: పాడుడే ముఖ్యమంటే ఎట్ల పాడుతున్నమన్నది కూడ ముఖ్యమే. బరాత్‌ల డీజే పెట్టి, కొడుకు పోయిన తల్లి పాటకు బీట్ వేసి, సీసాలు పట్టుకొని ఎగురుతుంటే నేను కిటికీ మూసుకుంట. ఆ పాట ఎవరి ఇంటి ముందు నుంచి పోతున్నదో ఆ పిలగాండ్లకు తెల్వదు. ఆ ఇంట్ల పటానికి దండ వేసి ఉంటది. పాటను బతికించుకుంటున్నమని మీరంటున్నరు. పాటల ఉన్న మనిషిని మల్లొకసారి చంపుతున్నరని నాకు అనిపిస్తది.

తమ్ముడు: ఆ తల్లి పాటను బరాత్‌ల వేసుడు తప్పే, నేను దాన్ని సమర్థించ. కాని బరాత్ మీద నీకున్న కోపంల ఒక సంగతి తప్పిపోతున్నది. ఒకప్పుడు మాదిగ వాడ పెండ్లికొడుకు దొర వీధిల నుంచి గుర్రం మీద పోవొద్దు, బ్యాండు కొట్టొద్దు. ఇయ్యాల ఆ వాడ పిలగాండ్లు అదే వీధిల నుంచి గద్దర్ పాట పెట్టుకొని, డప్పు కొట్టుకుంట, నడుము ఊపుకుంట పోతున్నరు. వాళ్లకు జగిత్యాల తేదీ తెల్వకపోవచ్చు, పాట వెనుక పార్టీ తెల్వకపోవచ్చు. కాని ఆ వీధి తమది కూడ అని వాళ్ల ఒంటికి తెలుసు. గద్దర్ చేయాలనుకున్న పనుల్ల తుపాకి గెల్వలే, కాని ఈ పని గెలిచింది. దుఃఖం తెల్వని ఆ సంతోషాన్ని తప్పుపట్టుడు నాకు చేతకాదు. తాతలు ఏడ్చింది మనుమలు ఎప్పుడూ ఏడుస్తనే ఉండాలెనని కాదు గదా.

అక్క: నువ్వు నన్ను ఇరుకున పెట్టినవు. ఆ వీధి నేనూ చూసిన, ఆ నడక విలువ నాకు తెలుసు. ఆ సంతోషాన్ని నేను వద్దన్న అనుకుంటే నా మాట వాపసు తీసుకుంట. కాని మనుమలు ఏడ్వకున్నా సరే, తాతలు ఎందుకు ఏడ్చిన్రో వాళ్లకు తెలియాలె. ఇప్పుడు ఆ అవసరం ఇంకా పెరిగింది. పెద్దపల్లి బిడ్డ, మావోయిస్టు నాయకుడు మల్లోజుల కోటేశ్వర్ రావు, కిషన్‌జీ, 2011 నవంబర్‌ల బెంగాల్‌ల చనిపోయిండు. ఆయన తమ్ముడు వేణుగోపాల్ 2025 అక్టోబర్‌ల గడ్చిరోలిల ఆయుధాలు అప్పజెప్పి బయటికొచ్చిండు. ఒకే ఇంట్ల ఇద్దరు అన్నదమ్ములు, ఒక దారి రెండు ముగింపులు. ఆ కాలం మన కండ్ల ముందే మూసుకపోతున్నది. చూసినోళ్లు ముసలోళ్లయిన్రు. ఇంకో పదేండ్లకు అడిగినా చెప్పేటోళ్లు ఉండరు. పాట మాత్రం ఉంటది. సాక్షులు పోయి పాట ఒక్కటే మిగిలితే, పాట చెప్పిందే చరిత్రయితది. పాటల లేనోళ్లు అసలు బతికినోళ్లే కాదన్నట్టయితది.

తమ్ముడు: కాలం మూసుకపోతున్నది గనుకనే పాటను స్వేచ్ఛగ విడిచిపెట్టుమని నేనంటున్న. ఇరవై ఏండ్ల కింద ఆ పాట పాడితే అది పిలుపు. ఇయ్యాల పాడితే ఎవడూ అడవికి పోడు. ఆ భయం పోయినంకనే అండ్ల ఉన్న మిగిలిన సంపద, ఊరి మాట, ఆడోళ్ల కష్టం, పొలం వాసన, చదువు మీద ఆశ, అన్నీ మల్ల వినబడుతున్నయి. తుపాకి బరువు దిగినంక పాట తేలికయింది. దాని మీద లెక్కల బరువు పెడితే కొత్త పిలగాడు దాన్ని ఎత్తుకోడు. వేరే పాట ఎత్తుకుంటడు, అండ్ల మన ఊరే ఉండదు.

అక్క: తేలికయిన పాటను ఎత్తుకునుడు సులువే. నాకు దాని మీద కోపం లేదు, బెంగ ఉన్నది. అందుకే నిన్నొకటి అడుగుత. వచ్చే ఆగస్టుల మీరు కరీంనగర్ల సభ పెడితే, ఎన్‌కౌంటర్ల కొడుకు పోయిన తల్లిని వేదిక మీదికి పిలుస్తరు, అది నాకు తెలుసు. ఇన్ఫార్మర్ అన్న పేరు మీద భర్త పోయినామెను కూడ పిలుస్తరా? పిలిచి, ఆమె పాటకు వ్యతిరేకంగ మాట్లాడితే చివరిదాకా వింటరా?

తమ్ముడు: పిలుస్త. రానంటే ఇంటికి పోయి అడుగుత. ఆమె ఎంతసేపు మాట్లాడినా మైకు గుంజుకోను, సభల ఎవడన్న అడ్డం లేస్తే నేనే కూసోబెడుత. కాని ఆమె మాట్లాడినంక పాట పాడొద్దని మాత్రం ఒప్పుకోను అక్కా. ఆమె దుఃఖం ఎంత నిజమో, ఆ పాట విని మొదటిసారి తలెత్తిన మనిషి నిజం కూడ అంతే. ఒక నిజం కోసం ఇంకో నిజాన్ని మూసిపెట్ట.

అక్క: పాట ఆపుమని ఆమె అడుగుతదో లేదో మనకు ముందే తెల్వదు. అడిగితే ఏం చేయాలె అన్నది కూడ ఇయ్యాల మనిద్దరం కూసోని తేల్చేది కాదు. ఆమె ముందట నిలబడి తేల్చాలె. ఆ సభ జరుగనీ. నువ్వు పాడుతవు, నేను ఆమె పక్కన కూసుంట. పాడుట్ల నీకు న్యాయం కనబడొచ్చు, వినుట్ల నాకు నొప్పి తగ్గకపోవచ్చు. అట్లయినా సరే, మన జిల్లాలు గద్దర్‌ను నిండుగ యాది చేసుకున్న మొదటి రోజు అదైతదని నా నమ్మకం.

తమ్ముడు: నాకు ఆ నమ్మకం ఇంకా పూర్తిగ కుదర్లే. ఆ సభ మనుషులను కలుపుతదో, పాతపగలు లేపుతదో చెప్పలేను. అయినా పిలుస్తనన్న మాట మీద ఉంట.